కట్ట మీదికి కారెందుకు?

పల్లెలు చూడాలంటే సొంత బండి ఉండాల్సిందేనన్న మాట ఇప్పుడు మన దగ్గర ఎదురులేకుండా తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే ఆర్మూర్ వైపు పిల్లలు అదే అంటున్నారు. వాళ్ల ఇళ్లలోని పెద్దలూ అదే అంటున్నారు. పర్యాటకం గురించి సభల్లో మాట్లాడేవాళ్లు దానికి ఇంకొన్ని కలుపుతున్నారు: పల్లెవెలుగు బస్సు గతిలేనివాళ్ల కోసం, వేల్పూర్ చుట్టుపక్కల పసుపు చేలు తప్ప చూసేదేమీ లేదు, చెరువు కట్టల మీద నడవడం పనిలేనివాళ్ల పని, జనం రావాలంటే ముందు పెద్ద రోడ్డు, పార్కింగు, రిసార్టు రావాలి. ఈ మాటలన్నీ తప్పు. మన ఊళ్లకూ చెరువులకూ బస్సులకూ వీటివల్ల నష్టం జరుగుతోంది కాబట్టి విని ఊరుకోకూడని తప్పు.

చూసేదేమీ లేదన్న మాటనే ముందు తీసుకుందాం. ఆర్మూర్‌లో దిగిన మనిషి తలెత్తితే సిద్ధుల గుట్ట కనబడుతుంది. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఆ గుట్టలో నవనాథ సిద్ధేశ్వరుడి గుడి ఉంది. ఉత్తరంగా పోతే బాల్కొండ, అక్కడ గుట్ట మీద కోట. ఇంకా పైకి పోతే గోదావరికి అడ్డంగా శ్రీరాంసాగర్. 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ ప్రాజెక్టును మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ పోచంపాడ్ అనే పిలుస్తారు. కరీంనగర్, వరంగల్ వైపు సాగే కాకతీయ కాలువ అక్కడే మొదలవుతుంది. నందిపేట వైపు వెనుక జలాలు తగ్గినప్పుడు బయటపడే గడ్డి నేలల్లో కృష్ణజింకలు మందలుగా మేస్తాయి. భీమ్‌గల్ వైపు పోతే లింబాద్రి గుట్ట, అక్కడ లక్ష్మీనరసింహస్వామి, కార్తీక పౌర్ణమికి జాతర. వీటన్నిటి నడుమ వేల్పూర్ ఉంది. ఇన్ని పెట్టుకుని కూడా ఏమీ లేదనే మనిషికి లేనిది చూసే ఓపిక.

చరిత్ర అంటే కోటగోడ ఒక్కటే అనుకోవడం వల్ల కూడా ఈ మాట పుట్టింది. వేల్పూర్ మండలంలోని మోతె గ్రామాన్ని తీసుకోండి. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టిన కొత్తలో ఊరంతా ఏకమై దానికి మద్దతుగా తీర్మానం చేసింది. కేసీఆర్ ఆ ఊరి మట్టిని ముడుపు కట్టుకుని పోయారు. పార్లమెంటులో తెలంగాణ బిల్లు గెలిచాక 2014లో తిరిగి వచ్చి ఆ ముడుపు విప్పారు. అదే 2001లో అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. అప్పటి కలెక్టర్ అశోక్ కుమార్ నడిపిన ఉద్యమంలో ఊరూరా సర్పంచులు, కులపెద్దలు, ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి పొలాల్లో ఉన్న పిల్లలను బడిలో కూర్చోబెట్టారు. అదే మండలంలోని పడగల్‌లో సుగంధ ద్రవ్యాల పార్కు ఉంది. పసుపు ధర కోసం, బోర్డు కోసం 2019 ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడితే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. చివరికి 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఇంత చరిత్ర నడిచిన ఊళ్లను చూడటానికి టికెట్టు కౌంటరు అక్కర్లేదు. ఊళ్లోకి పోయి, బొడ్రాయి దగ్గర కాసేపు నిలబడి, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని పలకరిస్తే చాలు. ముడుపు కట్టిన రోజును కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.

ఇక చెరువులు. తెలంగాణ పల్లెల్లో చెరువు ఒక నీటి గుంట కాదు, ఊరి పొలాలకూ పండుగలకూ మూలం. కట్ట ఉంటుంది, దానికి తూములుంటాయి, నిండినప్పుడు నీళ్లు పోయేందుకు మత్తడి ఉంటుంది. కట్ట మీద మైసమ్మ ఉంటుంది. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి ఉంటుంది, కట్ట కింద ఆయకట్టు ఉంటుంది. మత్తడి దుంకిన నీళ్లు వాగుల్లో కలుస్తాయి, లేదంటే కింది ఊరి చెరువులోకి పోతాయి. అందుకే ఒక చెరువును చూసిన మనిషికి దాని కింది చెరువు దాకా నడవాలనిపిస్తుంది. నీళ్లు వెళ్లిన దారినే కాలిబాట వెళ్తుంది. కట్ట దిగితే పొలం గట్లు, ఆ గట్ల మీదుగా పసుపు మళ్లు, మొక్కజొన్న, ఎర్రజొన్న, వరి. దసరా నాటికి పసుపు ఆకు మనిషి నడుము దాకా లేచి ఉంటుంది. సంక్రాంతి దాటాక తవ్వకాలు మొదలవుతాయి, తవ్విన పసుపును ఉడకబెడతారు, కల్లాల్లో ఆరబోస్తారు. ఆ రోజుల్లో ఈ ఊళ్ల గాలికే పసుపు వాసన ఉంటుంది. ఎండిన కొమ్ము, గోళ వేర్వేరు కుప్పలుగా పడి ఉంటాయి. కిటికీ అద్దాలు బిగించి ఏసీ వేసుకుని రోడ్డు మీద పోయే మనిషికి ఇందులో ఏదీ అందదు. అతను వెళ్లేది చెరువు పక్కనుంచి, కట్ట మీదుగా కాదు.

కారులో వచ్చేవాళ్లు ఈ ప్రాంతాన్ని ఎలా చూస్తున్నారో అంకాపూర్‌లో తెలిసిపోతుంది. విత్తనాల సాగులో దేశమంతా పేరు తెచ్చుకున్న ఊరు అది. పచ్చి మక్కజొన్న కంకులు అమ్ముతూ ఆడవాళ్లు నిలబెట్టిన బజారు ఉంది. అయినా కారులో వచ్చేవాళ్లలో చాలామందికి ఆ ఊరు నాటుకోడి కూరతోనే మొదలై దానితోనే ముగుస్తుంది. ఆర్డరిస్తారు, తింటారు, హైవే ఎక్కుతారు. తప్పు వాళ్ల ఆకలిది కాదు. కారు ఎక్కడ ఆగగలదో అక్కడే ఊరు ఉందనుకునే అలవాటుది.

ఇక్కడే నా వాదనకు ఆయువుపట్టైన సంగతి చెప్పాలి. నడిచే మనిషికి కారు సాయం కాదు, ఆటంకం. కారును ఎక్కడ నిలబెట్టావో మళ్లీ అక్కడికే రావాలి. అంటే సగం దూరం పోయి వెనక్కి తిరగాలి, లేదా చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే చేరాలి. బస్సులో వచ్చిన మనిషికి ఆ తాడు లేదు. ఒక ఊరి స్టేజీ దగ్గర దిగి, కట్టెక్కి, మత్తడి దాటి, పొలాల మీదుగా ఇంకో ఊరికి చేరి, అక్కడి స్టేజీ దగ్గర చెయ్యెత్తి బస్సెక్కి ఆర్మూర్ చేరవచ్చు. ముందుకే నడక, వెనక్కి చూడాల్సిన పని లేదు. ఊరి నుంచి ఊరికి నడిచే నడకకు పల్లెవెలుగే సరైన బండి, ఎందుకంటే అది ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది. వేగంగా పోయే బస్సులు మనకు అక్కర్లేదు. ఈ పనికి ఎక్స్‌ప్రెస్ కూడా తక్కువే.

బస్సు ఇచ్చేది ప్రయాణం ఒక్కటే కాదు. పక్క సీట్లో కూర్చున్న అవ్వ రెండు స్టేజీలు దాటేలోపు అడుగుతుంది: "ఎవరింటికి వోతున్నవ్ బిడ్డా?" ఎవరింటికీ కాదు, చెరువు చూద్దామని అంటే ముందు ఆశ్చర్యపడుతుంది. ఆ తరువాత ఏ ఊరి చెరువు నిండింది, ఎక్కడ మత్తడి దుంకుతుంది, ఏ తొవ్వ పట్టుకుంటే తొందరగా చేరతావ్, అన్నీ ఆమే చెబుతుంది. ముందు సీట్లో ఇద్దరు రైతులు క్వింటాలు పసుపు ధర మాట్లాడుకుంటూ ఉంటారు. వెనుక కాలేజీ పిల్లలు. ఈ మాటలు వింటూ ఊళ్లోకి దిగిన మనిషి అప్పటికే సగం ఆ ఊరివాడు. కారు దిగిన మనిషిని ఊరు దూరం నుంచి చూస్తుంది, భూమి కొనడానికి వచ్చాడేమోనని అనుమానిస్తుంది. ఆ అనుమానానికి కారణం కూడా ఉంది, మా వైపు కార్లు దిగినవాళ్లు చాలాసార్లు ఆ పని మీదే వచ్చారు.

ఇలా సరదాగా నడవడం తెల్లవాళ్ల అలవాటు, మనది కాదు అని కొందరు పెద్దలు కొట్టిపారేస్తారు. కార్తీకంలో వనభోజనాలకు చెట్ల కిందికి పోయేవాళ్లం మనమే. మొక్కు తీర్చుకోవడానికి ఊరు దాటి గుట్ట ఎక్కేది మనమే. గోదావరి అవతల మరాఠ్వాడా నుంచి పండరీపురానికి వారకరీలు నడిచే సంప్రదాయం మన జిల్లా సరిహద్దుల దాకా వినబడుతూనే ఉంటుంది. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్ దాటాక నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టారు, అంటే మన ప్రాంతం గుండానే. ఆయన పల్లకీలో పోయినా మజిలీ మజిలీకి అక్కడ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని చూసి రాసుకున్నారు. ఊళ్లను ఇలా వరసగా చూడటం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇటీవల మరిచిపోయాం, అంతే.

తెల్లవాళ్ల సంగతి ఎత్తారు కాబట్టి అదీ చూద్దాం. ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్ అనే సరస్సుల సీమ ఉంది. అక్కడి గుట్టల మీద నడవడానికి ఇప్పటికీ జనం చేతపట్టుకుపోయే పుస్తకాలు రాసిన ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ కెండల్ అనే చిన్న పట్టణంలో పురపాలక ఖజానా అధికారి. ఆయనకు కారు లేదు. సెలవు రోజున బస్సెక్కి గుట్టల అడుగుకు పోయి, రోజంతా నడిచి, సాయంత్రం బస్సుకే ఇంటికి వచ్చేవాడు. 214 గుట్టల మీద 7 సంపుటాలు అలాగే తయారయ్యాయి, 1955 నుంచి 1966 వరకు. లోకంలో పేరుమోసిన నడక సీమకు దారి చూపినవాడు బస్సు ప్రయాణికుడు. ఆ దేశంలోనే 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీద నడిచే హక్కు కోసం మామూలు కార్మికులు భూస్వాముల కంచెలు దాటి జైలుకు పోయారు. అదే ఏడాది జూన్‌లో మన దగ్గర నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. మన చేతిలో ఉన్న ఆస్తి ఏమిటో ఇప్పుడన్నా అర్థం కావాలి. తెల్లవాళ్లు పోరాడి తెచ్చుకున్న కాలిబాటలు మన ఊళ్లలో వాడుకగా ఉన్నాయి. వాటి దాకా తీసుకుపోయే బస్సు తొంభై ఏళ్ల కిందే మనకు వచ్చింది.

బస్సు గతిలేనివాళ్లదన్న మాటకు ఈ మధ్య ఇంకో రూపం వచ్చింది. అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆ రోజు నుంచీ ఒకే ఫిర్యాదు: పనీపాటా లేకుండా ఆడోళ్లు బస్సుల్లో తిరుగుతున్నారు. పసుపు మళ్లలో కలుపు తీసి, తవ్వకాల్లో వంగి, ఇంటికొచ్చి బీడీలు చుట్టే ఆడమనిషి ఒక రోజు లింబాద్రి గుట్టకు పోయి వస్తే, చెల్లెలి ఊరికి పోయి ఆ ఊరి చెరువు దగ్గర కాసేపు కూర్చుంటే, అది పనికిరాని తిరుగుడా? మగవాళ్లు తీర్థాలకూ దోస్తుల పెళ్లిళ్లకూ తిరిగినప్పుడు ఎవరైనా లెక్క అడిగారా? మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకు కట్ట మీద నిలబడి నీళ్లను చూసే తీరిక బతుకమ్మ రోజున మాత్రమే దొరికేది. ఆ తీరిక ఏడాదిలో ఇంకొన్ని రోజులు దొరుకుతోంది. బస్సులు కిక్కిరిస్తున్నాయన్నది నిజం, నిలబడి పోవాల్సి వస్తున్నదీ నిజం. దానికి జవాబు ఇంకో బస్సు. ఆడవాళ్లను ఇంట్లో కూర్చోమనడం జవాబు కాదు.

పల్లె బస్సు నష్టమంటారు. రైలు మార్గానికి పునాదిరాయి 1993లో పడితే పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. ఆ కాలమంతా ఈ ఊళ్ల బడిపిల్లలను, రోగులను, కూరగాయల గంపలను మోసింది ఎర్రబస్సే. రాత్రి ఊళ్లోనే ఆగి తెల్లవారుజామున బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊరికి ఒక ధైర్యం ఉంటుంది. దాన్ని తీసేస్తే ఆ ఊళ్లో రెండు చక్రాల బండ్లు పెరుగుతాయి, అప్పులు పెరుగుతాయి, బండి నడపలేని ముసలివాళ్లు ఇంటికే అతుక్కుపోతారు. డిపో లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనబడదు.

ఇప్పుడు అభివృద్ధి అనే మాట దగ్గరికి వద్దాం. మిషన్ కాకతీయ మంచి పని. 2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలైన ఆ పథకం రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని పెట్టుకుంది. చెరువు మట్టి పొలాలకు చేరింది. దాంతోపాటు నియోజకవర్గానికొకటి చొప్పున మినీ ట్యాంక్‌బండ్ అన్న ఆలోచన వచ్చింది. కట్ట మీద టైల్సు, రెయిలింగు, రంగు దీపాలు, బోట్లు. బతుకమ్మ మెట్లు వేసిన చోట ఆడవాళ్లకు మేలే జరిగింది, అది ఒప్పుకుంటాను. కానీ ఆలోచనలోనే ఒక పొరపాటు ఉంది. హుస్సేన్‌సాగర్ ట్యాంక్‌బండ్ కూడా మొదట చెరువు కట్టే. నగరం దాన్ని తనకు తగ్గట్టు మార్చుకుంది. ఇప్పుడు పల్లె కట్టను ఆ నగరపు కట్టకు నకలుగా చేయాల్సిన అవసరం ఏమిటి? కట్టకు తుమ్మచెట్లు, ఈతచెట్లు, రాతి పొదగడం, మైసమ్మ గద్దె ఉన్నాయి. వాటిని చూడటానికే మనిషి వస్తాడు. టైల్సు చూడటానికి నిజామాబాద్‌లో పార్కులున్నాయి.

పైగా ఒక్క చెరువును అద్దంలా తీర్చిదిద్ది మిగతావాటిని వదిలేస్తే, ఆ మిగతా కట్టల మీద మనిషి తిరగడం ఆగిపోతుంది. వెనుకట నీరటి రోజూ కట్ట మీద నడిచేవాడు. ఎక్కడ ఎలుక బొక్క పడింది, ఎక్కడ తూము కారుతోంది, ఎవరు శిఖంలోకి దున్నుకొచ్చారు, అన్నీ అతని కంట్లో పడేవి. ఆ వృత్తి చాలా ఊళ్లలో పోయింది. ఇప్పుడు శిఖం భూముల మీద రియల్ ఎస్టేట్ కన్ను పడింది. మనుషులు నడిచే కట్టను ఆక్రమించడం కష్టం, ఎందుకంటే ప్రతి వారం ఎవరో ఒకరు చూస్తారు, అడుగుతారు. కంపచెట్లు మూసేసిన కట్ట మీద ఏం జరిగినా ఊరికి ఆలస్యంగా తెలుస్తుంది. చెరువును కాపాడాలంటే ముందు దాని మీద నడవాలి.

నా మాటలో ఎక్కడ బలహీనత ఉందో నాకు తెలుసు. బస్సుల టైం నమ్మేలా ఉండదు. కొన్ని ఊళ్లకు రోజుకు కొన్ని ట్రిప్పులే. ఆఖరి బస్సు తప్పితే ఆటో దొరకకపోవచ్చు. స్టేజీ దగ్గర షెల్టరు ఉంటే పోస్టర్లతో నిండి ఉంటుంది, బస్సు ఎప్పుడొస్తుందో రాసిన పలక ఉండదు. ఎండాకాలంలో ఈ నడక వద్దు, అది మొండితనం అవుతుంది. వానాకాలంలో మత్తడి మీదుగా నీళ్లు పోతుంటే అడుగు పెట్టొద్దు, ఏటా అలా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. వెంట ఒకరుండాలి, నీళ్ల సీసా ఉండాలి, చేనులో దిగేముందు అడగాలి. ఇవన్నీ జాగ్రత్తలు. ఇందులో కారు కొనుక్కోమని చెప్పేది ఏదీ లేదు.

పర్యాటకానికి డబ్బు పెట్టాలనుకునేవాళ్లు ఆ డబ్బులో కొంచెం ఇటు పెట్టమని అడుగుతున్నాను. ఆర్మూర్ బస్టాండులో వేల్పూర్, భీమ్‌గల్, మోర్తాడ్, బాల్కొండ, నందిపేట వైపు పోయే ప్రతి పల్లె బస్సు టైము, ముఖ్యంగా ప్రతి ఊరి ఆఖరి బస్సు టైము, పెద్ద అక్షరాలతో ఒక గోడ మీద రాయించాలి. అదే టైము ఊరి స్టేజీ దగ్గర కూడా ఉండాలి. స్టేజీ నుంచి చెరువుకు, కోటకు, గుడికి పోయే తొవ్వ ఎటో ఒక రాయి మీద బాణం గీసి చూపాలి. లింబాద్రి జాతరకు ప్రత్యేక బస్సులు నడపడం తెలిసిన ఆర్టీసీకి దసరా తరువాత నాలుగు నెలలు ఆదివారాల్లో ఒకటి రెండు ట్రిప్పులు పెంచడం పెద్ద పని కాదు. తీసేసిన నైట్ హాల్ట్ బస్సులను తిరిగి వేయాలి. పంచాయతీలు ఏడాదికోసారి కట్టల మీది కంపచెట్లు కొట్టించాలి, ఉపాధి హామీలో ఆ పనికి చోటుంది. గ్రామాభివృద్ధి కమిటీలు మా జిల్లాలో బలమైనవి, వాటి దగ్గర డబ్బూ ఉంది, మాటకు చెల్లుబడీ ఉంది. ఊరి గేట్లకు, కమాన్లకు ఖర్చు పెట్టే కమిటీ స్టేజీ దగ్గర ఒక బెంచీ, తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే ఊరికి వచ్చే మనిషికీ ఊళ్లోంచి పోయే మనిషికీ అవన్నీ పనికొస్తాయి. రిసార్టు కోసం భూమి వెతికే ముందు ఈ పనులు చేయండి. వీటికి భూసేకరణ అక్కర్లేదు, ఏ రైతు చేను నుంచీ ఒక్క గుంట తీసుకోవాల్సిన పని లేదు.